ఏడో సంతకం

"ఆరే! ఇంకా ఆరే!" అని అరుస్తూ మెట్లెక్కి వచ్చాడు ఇంటాయన. కిందికి దిగి నోటీసు బోర్డు చూసి రావడం పొద్దుట్నుంచి ఇది ఎనిమిదోసారి.

బోర్డుకి ఒక కాయితం, దారంతో కట్టిన ఒక నీలం పెన్ను వేలాడుతున్నాయి. కాయితం మీద రాసింది ఒకటే ముక్క: 'రెండో అంతస్తు బాల్కనీలోని హైడ్రోజన్ మిషన్ తీసేయాలి.' భవనంలో పన్నెండిళ్లు, ఇంటికో సంతకం. సాయంత్రం ఆరింటిలోపు ఏడు పడితే మిషన్ మూట కట్టాల్సిందే. పెట్టిన సంతకం కొట్టేయడానికి లేదని సెక్రటరీ గారి శాసనం.

ఇంటాయనకది మిషన్ కాదు, మూడేళ్ల కల. సిలిండర్లోని హైడ్రోజన్‌తో కరెంటు పుట్టిస్తుంది. అప్పుడు వచ్చే వేడితో స్నానానికి నీళ్లు కాగుతాయి. మిగిలిన వేడే ఇంటిని చల్లబరుస్తుంది.

"వేడితో చల్లదనమేంటండీ, విడ్డూరం కాకపోతే!" అని వాళ్లావిడ మొదట్లో నవ్వింది.

"పొగ కూడా రాదే, ఒట్టి నీటావిరే!" అని ఆయన రొమ్ము విరుచుకున్నాడు.

"అవును లెండి. దానికి పొగ లేదు, మీకే పొగరు."

పేలుతుందన్న భయంతో ఆరిళ్లవాళ్లు సంతకాలు గీకేశారు. తన ఇంటి నుంచి ఎలాగూ సంతకం పడదు కాబట్టి, ఇంకా మిగిలినవి ఐదు. ఆయన అదృష్టం బాగుండి పొద్దున్నే వీధి వీధంతా కరెంటు పోయింది. వెంటనే ఆ ఐదు తలుపులూ తట్టాడు.

"రండి! చల్లగా కూచోండి, వేడిగా స్నానం చేయండి. భయం దానంతటదే వదుల్తుంది."

వచ్చారు. సకుటుంబంగా వచ్చారు. దర్జీ కుట్టుమిషన్‌తో వచ్చాడు. సంగీతం టీచరమ్మ నలుగురు శిష్యురాళ్లతో వచ్చింది. పళ్ల డాక్టరు వాళ్లింటికొచ్చిన చుట్టాలను కూడా తెచ్చాడు.

"స్నానాలకి వరస రాసిపెట్టు," అని భార్యకి పురమాయించాడు ఇంటాయన. ఆవిడ పాల లెక్క రాసుకునే ఆకుపచ్చ పెన్ను తీసి పద్దెనిమిది పేర్లు రాసింది.

"నా వరస ఎన్నోదండీ?"

"మనకి వరసేంటే? ఇంట్లోవాళ్లం, ఎప్పుడైనా చేయొచ్చు. ముందు టీ చూడు!"

మధ్యాహ్నానికి నాలుగు విడతల టీలయ్యాయి. తడి తువ్వాళ్లకి తీగ చాలక కుర్చీల మీద పరిచారు.

"హైడ్రోజన్ అంటే ఏమో అనుకున్నా," అంది ఆవిడ కప్పులు ఏరుతూ. "సగం హైడ్రో, సగం జనం."

అందరూ పడీ పడీ నవ్వారు, ఆవిడ తప్ప.

"అబ్బాయ్, ఇల్లు స్వర్గంలా ఉంది," అంది టీచరమ్మ. "రోజూ పాఠాలు ఇక్కడే పెట్టుకోనా?"

"మీ ఇల్లే అనుకోండి పిన్నిగారూ!"

వంటింట్లో కప్పు పగిలింది.

"మరి సంతకం?" అని దర్జీని గుచ్చాడు ఇంటాయన.

"చెయ్యి విరగ్గొట్టుకుంటా గానీ పెట్టనన్నా. కత్తెర మీద ఒట్టు!"

డాక్టరు ముప్ఫై రెండూ బయటపెట్టి తలూపాడు. అయినా ఇంటాయనకి కాలు నిలవలేదు. గోడ గడియారం, చేతి గడియారం, మళ్లీ గోడ గడియారం.

అయిదూ నలభైకి భార్య చెత్తబుట్ట పట్టుకుని గుమ్మం దాటింది.

"ఇప్పుడెక్కడికే? పిన్నిగారికి తువ్వాలు కావాలిట!"

"టీపొడి నిండిపోయిందండీ, కింద పారబోసొస్తా."

పది నిమిషాల తర్వాత వచ్చింది. తువ్వాలు ఇవ్వలేదు. ఆ రోజంతటికీ మొదటిసారి ఒక కుర్చీ ఖాళీ చేయించి అందులో కూచుంది.

ఆరు కొట్టగానే సెక్రటరీ కాయితంతో పైకొచ్చాడు.

"ఏమీ అనుకోకండి. ఏడు పడ్డాయి."

ఇంటాయన ఐదిళ్లవాళ్ల మీదా విరుచుకుపడ్డాడు. "ఎవరది? నా టీ తాగి, నా నీళ్లు పోసుకుని, నా చల్లదనంలో కునుకు తీసి..."

"అయ్యయ్యో, మేం కాదు బాబూ!" అని అందరూ చేతులెత్తేశారు.

ఆయన కాయితం లాక్కుని చూశాడు. పై ఆరు సంతకాలూ నీలం సిరాలో ఉన్నాయి.

ఏడోది ఆకుపచ్చగా ఉంది.