నడిస్తేనే వెలిగే దీపాలు

పార్కు ఊడ్చి పుల్లమ్మ గేటు దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. వాచ్‌మన్ మొహసిన్ తాళం పట్టుకుని నిలబడ్డాడు.

"కొత్త లైట్ల స్విచ్చి ఆర్పలేదేందిరా?"

"ఆర్పే పనే లేదు పెద్దమ్మా. మనిషి నడిస్తేనే వెలుగుతాయి, దాటిపోతే ఆరిపోతాయి. మనకన్నా తెలివైనవి, టీ కూడా అడగవు."

పుల్లమ్మ నవ్వలేదు. పార్కు వెనక ఒకప్పుడు పసిపిల్లల్ని పూడ్చే దిబ్బ ఉండేది. ఏడాది నిండని ఆమె కూతురిని మొగుడు అక్కడే పూడ్చి, గుర్తుగా పలకరాయి పాతాడు. ఆడవాళ్ళు వెంట రాకూడదన్నారు కాబట్టి ఆ చోటు ఆమె చూడలేదు. మొగుడు పోయాక వెతుక్కుందామని వస్తే, పార్కును పెద్దది చేస్తామని మునిసిపాలిటీ వాళ్ళు దిబ్బను చదును చేసి లోపల కలిపేసి, అక్కడి గుర్తురాళ్ళన్నీ నడకదారికి పరిచేశారు. "ఏ రాయి ఎవరిదో మాకేం తెలుసమ్మా" అన్నారు. ఆ దారినే ఊడ్చే పని ఆమె అడిగి తీసుకుంది.

పార్కు ఆ చివర, దిబ్బ ఉన్న చోట, ఒక లైటు వెలిగింది.

"లోపల ఎవరన్నా ఉండారా?"

"అందరూ పోయినారు. కుక్కేమోలే."

ఆ లైటు ఆరి, పక్కది వెలిగింది. ఆ తర్వాత చాలాసేపు అంతా చీకటి. ఆకు కూడా కదల్లేదు. ఎవరో పడి, నిదానంగా లేచినట్టు ఇంకొకటి వెలిగింది. ఇంకొంచెం దగ్గరగా మరొకటి.

మొహసిన్ గేటు రెక్క లాగాడు. "బయటికి రా పెద్దమ్మా, గేటేస్తా!"

పుల్లమ్మ చీపురు వదిలేసి, దారి మధ్యలో కూర్చుని చేతులు చాపింది.

"వెయ్యొద్దు నాయనా. ఇప్పుడిప్పుడే నడక నేర్చుకుంటా ఉంది."