వెంట్రుకంత కమ్మీ

లోకో పైలట్ ఉదయభాస్కర్ తను మొదట నడిపిన డీజిల్ ఇంజన్‌ని అచ్చుగుద్దినట్టు జానెడు బొమ్మగా చేస్తున్నాడు. ఇంజన్ మెట్ల పక్కన పట్టుకునే చేతి కమ్మీని వెంట్రుకంత చేసి అంటించబోతే అది రెండుగా కనిపించింది. కళ్లు నలుపుకుని చూసినా రెండే.

సాయంత్రం రాజమండ్రి నుంచి ప్యాసింజర్ బండి తనే నడపాలి.

భార్య సూర్యకళ కాఫీ తెచ్చింది.

"ఈ కమ్మీ తిన్నగానే ఉందా?" అన్నాడు మామూలుగా అడుగుతున్నట్టు.

ఆమె బొమ్మ వంక చూడలేదు. "నెలరోజులుగా మీరు వంకరగా అంటించినవన్నీ నేనే సరిచేస్తున్నానండి. ఉద్యోగం పోతుందని భయమేసి చెప్పలేదు."

ఈ నెలలో జనాన్ని ఎన్నిసార్లు గోదావరి వంతెన దాటించాడో తలుచుకున్నాడు.

ఫోన్ ఆమె చేతికిచ్చాడు. "ఆఫీసుకి నువ్వే కలుపు. ఈ బండి నేను నడపనని చెప్పేస్తాను."