అత్తగారికి తగ్గ యాంప్లిఫయర్

“షాపులో ఉన్నవాటిల్లోకల్లా పెద్ద యాంప్లిఫయర్ బిగించు. వెనక సీట్లో ఎవరేమన్నా నా చెవిన పడకూడదు,” అన్నాడు అల్లుడు గొంతు తగ్గించి.

మెకానిక్ ఓరగా కారు వైపు చూశాడు. వెనక సీట్లో అత్తగారు అద్దం దించుకుని కూర్చుంది.

“పెద్దది పెడితే మీ సబ్‌వూఫర్, అదే ఆ దడదడలాడించే పెద్ద స్పీకరు, దాని కాయిల్ మాడిపోతుంది సార్. ఆ స్పీకరు డబ్బా మీద పన్నెండొందల వాట్లని పెద్దక్షరాల్లో ఉన్నది ఉత్త గొప్పలే. కింద చిన్నక్షరాల్లో మూడొందలని ఉంది చూడండి, అదీ అసలు సంగతి. దానికి తగ్గదే పెడతా.”

“ఏదో ఒకటి పెట్టు. ఆవిడ నోటికి తాళం పడితే చాలు.”

బిగించి పాట పెట్టగానే వెనక సీటు దడదడలాడింది. అత్తగారు కిక్కురుమనలేదు. అల్లుడి మొహం చేటంతయింది.

పాట ఆగాక ఆవిడ తల బయటికి పెట్టింది.

“మంచి పని చేశావు బాబూ. నా గొంతుకు విశ్రాంతి దొరికింది.”

“అంటే?”

“నువ్వు స్టీరింగ్ మీదే కునికిపాట్లు పడతావని అమ్మాయి హడలిపోతుంటే, నిన్ను మెలకువగా ఉంచాలని నేను దారి పొడుగునా వాగేదాన్ని. ఇకనుంచి ఆ డ్యూటీ దీనిది.”

అల్లుడు నోరు తెరిచేలోపే ఆవిడ సంచీలోంచి దూది తీసి రెండు చెవుల్లోనూ కూరుకుంది.

“ఇక పోనీ. నువ్వేమన్నా నా చెవిన పడదు.”