పడకుండా ఒక్కసారి

"బరువు ముందు కాలి మీద. ముందు కాలి మీదరా."

పడవ వెనక సీట్లోంచి అన్నయ్య అరుస్తున్నాడు. తాడు చివర తమ్ముడు సరస్సు నీళ్ళలో వెల్లకిలా తేలుతూ, పలకకి పాదాలు ఆనించి, పిడి గట్టిగా పట్టుకున్నాడు.

వదిన పడవని మెల్లగా కదిలించింది. తాడు బిగిసింది. తమ్ముడు లేచి నిలబడ్డాడు.

పలక అడుగున నిలువుగా ఓ కడ్డీ. కడ్డీ చివర విమానానికి ఉన్నట్టు రెక్క. ఆ రెక్క నీళ్ళలో పరుగెత్తుతుంటే పలక నీళ్ళని వదిలి పైకి లేస్తుంది. వేక్ ఫాయిలింగ్ అంటే అదే. బరువు ముందు కాలి మీద ఉందా, హాయిగా జారిపోవచ్చు. వెనక కాలి మీద పడిందా, పలక ముక్కు ఆకాశం చూస్తుంది, మనిషి నీళ్ళు తాగుతాడు.

పలక జానెడు లేచింది. తమ్ముడు వెనక కాలి మీద బరువు వేశాడు.

"పడ్డాడు. కుడిపక్క," అన్నాడు అన్నయ్య. "తొమ్మిది. ఒరేయ్, నీకంటే బియ్యం బస్తా నయం. నిలబెట్టిన చోట నిలబడుతుంది."

వదిన కిసుక్కున నవ్వి పడవని కుడివైపు తిప్పుకొచ్చింది. అంతవరకూ తల మాత్రం వెనక్కి తిప్పలేదు. పడవ నడిపేవాళ్ళ కళ్ళు ముందు నీళ్ళ మీదే ఉండాలి. వెనక ఏం జరుగుతోందో చెప్పడానికి వెనక సీట్లో ఇంకో మనిషి ఉండాలి.

ఆ నియమం తమ్ముడికి ఎవరూ మళ్ళీ చెప్పనక్కర్లేదు. పోయిన ఏడాది పడవ నడిపింది తనే. పలక మీద అన్నయ్య. వెనక సీటు ఖాళీ. ఐదు నిమిషాలే కదా అని ఇద్దరే బయల్దేరారు. అన్నయ్య ఎలా గిరికీ కొడుతున్నాడో చూద్దామని తమ్ముడు ఒక్కసారి వెనక్కి తిరిగాడు. తలతోపాటు చెయ్యీ తిరిగింది. పడవ ఒక్క ఉదుటున పక్కకి లాగేసింది. అన్నయ్య పోయి రెక్క అంచు మీద పడ్డాడు.

మోకాలికి మూడు ఆపరేషన్లు. ఊళ్ళో సగం మందికి ఫాయిల్ నేర్పిన మనిషి, గదిలో కర్టెన్లు మూసుకుని గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఎనిమిది నెలలు అలాగే. తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే తమ్ముణ్ణి నిలువునా కోసింది. నాలుగు తిట్టి ఉంటే కనీసం తిన్నది అరిగేది.

చివరికి ఓ రోజు గుమ్మంలో నిలబడి, "నాకు ఫాయిల్ నేర్పు అన్నయ్యా," అన్నాడు.

గోడకేసి ఉన్న తల ఇటు తిరిగింది. "నీకా?" అన్నాడు అన్నయ్య.

ఆ ఆదివారమే పడవ ఎక్కాడు. పావుగంటలో తిట్లు అందుకున్నాడు. ఆ తిట్లు విని వదిన పడవ ఆపేసి, స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చింది.

అప్పటినుంచి ఇది పధ్నాలుగో ఆదివారం.

"పాదాలు కాదురా, పడవని చూడు," అన్నాడు అన్నయ్య ఇప్పుడు. "ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా పడకుండా ఒక్కసారి వచ్చావంటే నా పని అయిపోతుంది. ఇంక ఈ పడవ మొహం చూస్తే ఒట్టు."

తమ్ముడు పిడి అందుకున్నాడు.

పదోసారి పలక మోకాలెత్తు లేచింది. కింద నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. "అదీ, అదీ," అంటూ అన్నయ్య కర్ర లేకుండానే సీట్లోంచి సగం లేచాడు. ఆ మొహం చూసి తమ్ముడికి గుండె కలుక్కుమంది. తనని చూసి అంత మురిసిపోవాల్సిన మనిషి కాదు అన్నయ్య. అలా అనుకుంటుండగానే వెనక మడమ కిందికి దిగింది.

"పడ్డాడు. కుడిపక్క. పది," అన్నాడు అన్నయ్య హుషారుగా.

జెట్టీ దగ్గర తువ్వాలు అందిస్తూ వదిన అతని అరచేతులు చూసింది.

"ఏం మరిదీ, వారానికి ఒక్కపూట తాడు పట్టుకుంటేనే ఇన్ని కాయలా?"

తమ్ముడు చేతులు తువ్వాల్లోకి లాక్కున్నాడు.

"మీ అన్నయ్య ఈ మధ్య పొద్దున్నే కర్ర తీసుకుని ఒక్కరే నడకకి పోతున్నారు, తెలుసా? ఎటు అంటే చెప్పరు. ఎటైతేనేం, అంతా నీ పుణ్యమే. ఆదివారం వస్తోందంటే నాకూ ప్రాణం లేచొస్తోంది."

పుణ్యమా, అనుకున్నాడు తమ్ముడు. ఆ కాలు అలా చేసింది తను. ఇప్పుడీ మెప్పులు కూడా తనకేనా? ఇంక దాచలేననిపించింది.

"వదినా, నీకో మాట చెప్పాలి," అన్నాడు.

"ఒరేయ్, ఇలా రా," అని అప్పుడే కేకేశాడు అన్నయ్య.

జెట్టీ చివర కూర్చుని రెక్కని గుడ్డతో తుడుస్తున్నాడు. తను పడిన అంచునే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. తమ్ముడు తిట్లకి సిద్ధపడి ఎదురుగా కూర్చున్నాడు. వదిన హెల్మెట్లు తీసుకుని షెడ్డులోకి వెళ్ళేదాకా అన్నయ్య నోరు విప్పలేదు. ఆ తర్వాత గొంతు బాగా తగ్గించాడు.

"మంగళవారం పొద్దున అవతలి గట్టున వేరే వాళ్ళ పడవ వెనకాల తాడు కూడా వదిలేసి, అది లేపిన అల మీదే సరస్సంతా చుట్టొచ్చావు, చూశాన్లే గానీ, వచ్చే ఆదివారం కాస్త ఎడమపక్కకి కూడా పడుతుండరా, ఎప్పుడూ కుడివైపే పడవ తిప్పాల్సి వస్తుంటే మీ వదినకి అనుమానం వచ్చేస్తుంది."