చెప్పినవారి ఇల్లు

ఇరవై తొమ్మిదో ఇంటి దగ్గర ముసలాయన ఆగాడు. చేతికర్రతో తుప్పలు పక్కకు నెట్టి నేలమీద గీత గీశాడు.

“వాకిలి ఇటు, తూర్పుకి. గొళ్లెం బయట, కుడివైపు. లోపల ఏడుగురు.”

అమ్మమ్మ తరఫున వచ్చిన మనవరాలు ట్యాబ్ తెర మీద వేలు పెట్టింది. మ్యాపులో ఎర్రచుక్క పడింది. దాన్ని ఎవరు నొక్కినా ఇక ఆ మాటలు వినబడతాయి.

యాభై ఎనిమిదేళ్ల కిందట ఆ కొండమీద ముప్ఫై ఒక్క ఇళ్ల ఊరు ఉండేది. ఎండకు అందరూ ఇళ్లలో నడుం వాల్చిన ఒక మధ్యాహ్నం తగలబడిపోయింది. ఏ పొయ్యిలోంచో రవ్వ లేచిందని, మిగతా పని గాలి చేసిందని అప్పటి అధికారులు రాసుకున్నారు. కొన్నాళ్లకు ఆ కాగితాలూ మాయమయ్యాయి. ఇప్పుడు క్వారీవాళ్లు అసలక్కడ ఊరే లేదంటున్నారు. పక్క కొండను వాళ్లు ఇప్పటికే సగం తినేశారు.

బయటపడింది ఒక్క ఇంటివాళ్లే. వాళ్లలో ఇప్పుడు మిగిలింది మనవరాలి అమ్మమ్మ ఒక్కతే. అప్పుడామెకు ఆరేళ్లు. గుర్తున్నవి రెండు: ఒక పాట, పరిగెత్తుతున్న తల్లి చంక.

క్వారీ అనుమతి తేల్చే కమిటీకి పాట చాలలేదు. ఆ జనం భాషకు లిపి లేదు కాబట్టి నోటిమాటనే సాక్ష్యంగా తీసుకుంటామంది. కానీ ప్రతి మాటా మ్యాపులో ఒక చోటుకి కట్టి ఉండాలి. ఫారం అడుగున ఒక గడి ఉంది. చెప్పినవారి ఇల్లు. అది ఖాళీగా ఉంటే మిగతావేవీ చెల్లవు. గడువు శుక్రవారం. ఇవాళ బుధవారం.

ఆ ఊరివాళ్లెవరైనా ఉంటే రమ్మని మనవరాలు పేపర్లో వేసిన చిన్న ప్రకటన చూసి, రెండు నెలల తర్వాత ముసలాయన వచ్చాడు. లైబ్రరీ వెనకగదిలో, మనవరాలు పని చేసుకునే బల్ల ముందు నిలబడి గొడుగు మడిచాడు.

“ఆ రోజు నేనక్కడున్నానమ్మా.”

మీది ఏ ఇల్లని మనవరాలు అడిగింది. చివర్లో చెప్తానన్నాడు. పైనుంచి కిందికి, వరసలో వెళ్దామన్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. టీ తెస్తే ముట్టలేదు.

ఆ మర్నాటి నుంచి కొండెక్కుతున్నారు. ఆయన ఎక్కడా తడబడలేదు. ఉపగ్రహ చిత్రంలో తుప్పలు తప్ప ఏమీ లేని చోట కర్ర ఆనించి ఇక్కడ తవ్వమనేవాడు. జానెడు లోతులో పునాదిరాయి తగిలేది.

ఆదివారం మనవరాలు రికార్డింగులు అమ్మమ్మకు వినిపించింది. అమ్మమ్మ చొక్కాకి గుండీ కుడుతూ వింది. పదిహేడో ఇల్లు వచ్చేసరికి సూది ఆగింది.

“ఈ ఇంటికి గొళ్లెం లేదు. తాడు,” అంది ముసలాయన గొంతు.

అమ్మమ్మ నవ్వింది.

“తాడేనే, మా అమ్మ చెబుతుండేది. గొళ్లెం బిగిస్తా బిగిస్తా అంటూ మా నాన్న ఏడాది నెట్టుకొచ్చాడు. మా అమ్మ తిట్టని రోజు లేదు. పరాయివాడికి ఈ సంగతెలా తెలుస్తుంది? మనవాడే.”

మిగతావన్నీ విన్నాక దారం కొరికి, ఇంకో మాట అంది.

“ఒకటేనే. ఏ ఇంట్లోనూ వాకిలి దాటి లోపలికి రాడేం మీ ముసలాయన? పొయ్యి ఎటుందో, ఉట్టి ఎక్కడ వేలాడేదో ఒక్కసారీ చెప్పడు.”

“మర్యాదస్తుడు అమ్మమ్మా. పిలవందే లోపలికి రాడు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆ రోజు నుంచి మనవరాలు కూడా గమనిస్తోంది. ముప్ఫయ్యో ఇంటి దగ్గరా ఆయన గీత ఇవతలే ఆగాడు.

ముప్ఫై ఒకటో ఇంటి దగ్గర ఉండగా క్వారీ సైరన్ మోగింది. పక్క కొండ పేలింది. కాళ్ల కింద నేల అదిరింది. మనవరాలు చెవులు మూసుకుంది. ముసలాయన కండువాతో ముక్కు మూసుకున్నాడు.

“వాకిలి దక్షిణానికి,” అన్నాడు దుమ్ము అణిగాక. “గొళ్లెం కొత్తది. గట్టిది. లోపల ముగ్గురు. అందులో ఒకరు బాలింత.”

చుక్క పడింది.

“అన్నీ అయిపోయాయి తాతా. ఇక మీదొక్కటే.”

ఆయన కిందికి చూపించాడు. పాత మట్టిరోడ్డు మలుపు దాకా దిగారు. కాస్త చదునైన నేల. మనవరాలు పునాదిరాళ్ల కోసం కాలితో మట్టి కెలికింది. ఏమీ తగల్లేదు. తలెత్తితే కొండవాలు మొత్తం ఎదురుగా ఉంది. చుక్కలు పెట్టిన ముప్ఫై ఒక్క చోట్లూ అక్కణ్నుంచి కనిపిస్తున్నాయి.

ముసలాయన ఇన్ని రోజుల్లో మొదటిసారి తనే ఒక ప్రశ్న అడిగాడు.

“మీ అమ్మమ్మ తాడు ఇంటి పిల్లేనా?”

మనవరాలు ఆ సంగతి అంతకుముందు ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. మీకెలా తెలుసంది.

“బతికింది వాళ్లే కదమ్మా.”

మనవరాలు తెరమీద చివరి గడి తెరిచింది. ముసలాయన కర్ర కింద పెట్టి, కండువా తీసి, నిటారుగా నిలబడ్డాడు.

“నొక్కమ్మా. ఇది కూడా ఆ కమిటీ వాళ్లు వినాలి.”

ఆమె నొక్కింది.

“ఇక్కడ నాకు ఇల్లు లేదు, ఆ రోజు మా లారీ ఆగింది ఇక్కడ, మావాళ్లు కిరసనాయిలు డబ్బాలు దించేలోపు, పైనుంచి కిందిదాకా ఇంటింటికీ గొళ్లెం పెట్టి వచ్చింది నేనే.”