నాటిన ఆరో రోజు

“టోపీ తియ్యరా” అంది బున్‌రువాన్ అత్త.

థవిన్ తియ్యలేదు సరికదా, రెండు చేతులతో ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. ఆలయం వెనక చప్టా మీద చిన్న భిక్షువు బకెట్టులో నీళ్లు, సబ్బు, కత్తి పెట్టుకుని కూర్చున్నాడు. శాలలో తండ్రి శవపేటిక చుట్టూ పూలు సర్దుతున్నారు. నాలుగింటికి దహనం. ఆలోగా ఒక్కగానొక్క కొడుకు తలా కనుబొమలూ గొరిగించుకుని, కాషాయం కట్టి, పేటికకు కట్టిన తెల్లదారం పట్టుకుని ముందు నడవాలి. ఒక్క రోజు సన్యాసమే, రేపు పొద్దున్నే విప్పెయ్యొచ్చు. కానీ పోయినవాళ్లు ఆ కాషాయం చెంగు పట్టుకునే పైకి వెళతారు. చెంగు దొరకనివాళ్ల గతి ఏమిటో ఎవరూ చెప్పరు, అడగడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

“తలలో పుండ్లున్నాయత్తా.”

“ఉంటే మెల్లగా గొరుగుతారు.”

“సోమవారం బ్యాంకాక్‌లో పెద్ద మీటింగుంది. కార్లు కొనేవాళ్ల ముందు గుండుతో, కనుబొమలు లేకుండా…”

“బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకు. తండ్రి పోయాడని తెలిస్తే కొనేవాడు జాలిపడి రెండు కార్లు కొంటాడు.”

అత్త నోట్లో నోరు పెట్టి గెలిచినవాడు రాచ్చబురి మొత్తమ్మీద లేడు. ఇప్పుడే వస్తానని చెప్పి, థవిన్ స్నానాల గదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు. టోపీ తీసి అద్దంలో చూసుకుంటే ఏడుపొచ్చింది. నుదుటి నుంచి నడినెత్తి దాకా ఎర్రటి చుక్కలు, చుక్కకొక పొట్టి వెంట్రుక. పాతికేళ్లకే అందరిచేతా ‘బాబాయ్’ అనిపించుకున్నవాడు. మూడేళ్లు మాత్రలు మింగితే ఉన్నది ఊడటం ఆగింది గానీ పోయింది తిరిగి రాలేదు. వెంట్రుకలు నాటించుకోవాలా వద్దా అని ఇంకో ఏడాది నలిగాడు. చివరికి మొన్న శుక్రవారం, ఎవరికీ చెప్పకుండా, తొమ్మిది గంటలు బల్ల మీద పడుకుని వెనకనుంచి మూడు వేల వెంట్రుకలు పెరికించి ముందు నాటించుకున్నాడు. మర్నాడే నాన్నను ఆసుపత్రిలో చేర్చారని ఫోను. టోపీ పెట్టుకుని పరిగెత్తాడు.

క్లినిక్కుకి ఫోను కలిపాడు.

“సిస్టర్, ఇవాళ ఆరో రోజు. కత్తి పెట్టొచ్చా?”

“ఏ కత్తి?”

“గుండు గీసే కత్తి.”

“సార్, నీళ్లే చేత్తో మెల్లగా పోసుకోమన్నాం కదా. నారు ఇంకా వేరు పట్టలేదు. కత్తి తగిలితే కుదుళ్లతో సహా లేచొస్తుంది.”

“మళ్లీ నాటించుకోవచ్చుగా?”

“తియ్యడానికి మీకు వెనక ఇంకేం మిగిలింది సార్? మొదలూ ఆఖరూ ఇదేనని డాక్టరుగారు ముందే చెప్పారు. ఇంకో రెండు వారాలు ఓపిక పట్టండి.”

రెండు వారాలు. నాన్నకి ఉన్నది రెండు గంటలు.

తలప్రాణం తోకకొచ్చింది. చప్టా దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు. మంచినీళ్లు తాగాడు. మళ్లీ వెళ్లాడు, కత్తి తళుక్కుమనగానే మళ్లీ వచ్చేశాడు. శాలలోకి పోయి తండ్రి ఫొటో ముందు నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ల మనిషికి దువ్వెన విరిగేంత జుట్టు. అందులో గుప్పెడు కొడుక్కి ఇవ్వకుండానే పోయాడు. ఆ ఒక్క క్షణం తండ్రి మీద నిజంగానే కోపమొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

అత్త వెనకే వచ్చి నిలబడింది. ఈసారి గొంతు పెంచలేదు.

“మీ నాన్న ఎప్పుడైనా నిన్ను ఇది కావాలని అడిగాడా? వాడు నోరు తెరిచి అడిగే మనిషి కాదురా. ఇంక అడగడానికి లేడు కూడా.”

థవిన్ టోపీ తీశాడు.

“ఓరి నీ, సగం గుండు ముందే ఉందిగా. దీనికా ఇంత గొడవ?” అని, దగ్గరగా చూసి ఆగింది. “ఇవేం పుండ్లురా, గీత గీసి పెట్టినట్టు?”

“వేడి కురుపులత్తా.”

చప్టా మీద చిన్న భిక్షువు కూడా కత్తి ఎత్తి సందేహించాడు. “నెత్తురొస్తుందేమో.”

“కానివ్వండి గురువుగారూ.”

నుదుటి నుంచి మొదటిసారి కత్తి నడిచేసరికి బకెట్టులో ఎర్రటి చుక్కలు పడ్డాయి. థవిన్ కళ్లు మూసుకున్నాడు. పెద్ద నొప్పేమీ లేదు. కానీ గీసినంతసేపూ ఏడ్చాడు. తండ్రి కోసం ఏడుస్తున్నాడనుకుని అత్త వీపు నిమిరింది. తండ్రి కోసం కూడా ఏడ్చాడు. ఏది ఏ ఏడుపో అతనికే తెలియలేదు.

తల తుడుచుకుని శాలలోకి వెళ్లి పెద్ద భిక్షువు ముందు మోకరిల్లాడు. మూడుసార్లు వంగి మొక్కాడు. ఆయన మడతపెట్టిన కాషాయం ఇవ్వబోయి, నెత్తురు చెమరుస్తున్న ఆ వరసలు చూసి చెయ్యి ఆపేశాడు.

“ఇదా సంగతి” అన్నాడు మెల్లగా.

“ఏమిటి గురువుగారూ?”

“ఆదివారం ఆసుపత్రికి వెళితే మీ నాన్న నా చెయ్యి వదల్లేదు. నువ్వు పక్కన కునుకు తీస్తుంటే టోపీ జారి నీ తల చూశాట్ట. ఏం చూశాడో చెప్పలేదు. జ్వరంలో మాటలనుకుని నేనూ పట్టించుకోలేదు.”

“నాన్న ఏమన్నాడు?”

పెద్ద భిక్షువు కాషాయాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు.

“‘నేను పైకి పోకపోయినా ఫర్వాలేదు గురువుగారూ, మావాడి తలకి మాత్రం కత్తి తగలనివ్వకండి’ అన్నాడు.”