పడిపోయిన ధనలక్ష్మి

రొయ్యలు కడిగిన నీళ్ళు వచ్చి రోజారమణి చీర కుచ్చిళ్ళ మీద పడ్డాయి.

"ఏటమ్మా, మనిషి నీళ్ళు పారబోత్తంటే ఎదురొచ్చేత్తావేటి? కళ్ళు ఇంటికాడ ఎట్టొచ్చినావా?"

అరుగు మీద కూర్చున్న ముసలావిడ గద్దించింది.

వన్ టౌన్ సందుల్లో పొద్దుటినుంచి తిరుగుతున్న రోజారమణికి అసలే భయంగా ఉంది.

"ధన... ధనలక్ష్మమ్మగారి ఇల్లు?"

"ఇదే. ఏటి పని?"

రోజారమణి ఆవిడ ముఖంలోకి చూసింది. నుదుట బొట్టు లేదు. తలమీద చెంగు ఉంది. ఇంకా అడిగేదేముంది, మన విశ్వాసే, ధనలక్ష్మమ్మే అనుకుంది.

హార్బరు దగ్గరి ప్రార్థన మందిరంలో ధనలక్ష్మి పేరు తలవకుండా ఆదివారం ముగియదు. పోయిన వానాకాలంలో ఎవరో గుమ్మంలోంచే "ధనలక్ష్మి పడిపోయింది" అని చెప్పి వెళ్ళారు. మందిరంలో ఆ మాటకి అర్థం ఒక్కటే. విశ్వాసం వదిలేసింది, లోకంలో కలిసిపోయింది అని. ఆ రోజు నుంచి "పడిపోయిన మా సహోదరిని లేవనెత్తు తండ్రీ" అని అందరూ ఒకటే కన్నీళ్ళు. ఆ తర్వాతే మందిరంలో చేరిన రోజారమణి ఆవిడని ఎప్పుడూ చూడలేదు.

వెళ్ళి చూసినవాళ్ళు మాత్రం లేరు.

"తిడతాది. గొడవ పెట్టిస్తాది. దూరంగా ఉండి ప్రార్థించడమే మేలు," అన్నాడు సంఘపెద్ద శ్రీనివాసరావు.

రోజారమణికి మనసు ఒప్పలేదు. అలాగని ధైర్యమా అంటే అదీ లేదు. నలుగురిలో నోరు విప్పి ప్రార్థన చేయమంటే పారిపోయే మనిషి. ఇంత భయంతో దేవుడికి ఏం సేవ చేస్తాను, ఈ ఒక్క మనిషినీ వెనక్కి తీసుకురాలేకపోతే నేనూ మందిరం మానేస్తాను అనుకుని బయలుదేరింది.

"మందిరం నుంచి వచ్చానండి," అంది.

ముసలావిడ చేతిలో రొయ్య అలాగే ఆగిపోయింది.

"ఇన్నాల్లకా?"

"పడిపోయారని..."

"పడ్డం నిజమే. సేపల వేలంపాట కాడ తడి గచ్చు మీద కాలు జారినాది. తుంటి ఎముక ఇరిగినాది. మరి మంచం దిగితే ఒట్టు."

తుంటి ఎముకా! ఇప్పుడిప్పుడే లేచి అరుగు దాకా వస్తున్నట్టుంది అనుకుంది రోజారమణి.

"మందిరంలో వేరేగా అనుకున్నారండి. విశ్వాసంలో పడిపోయారని..."

ముసలావిడ ఎగాదిగా చూసింది. ఇక తిట్లే అనుకుంది రోజారమణి. కానీ ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నవ్వు ఆగినా తుడుచుకుంటూనే ఉంది.

"బాగుందర్రా! కాలు జారితే ఇశ్వాసం జారిందనుకున్నారేటి! ఇక్కడ సూత్తే గుమ్మంకేసి సూసి సూసి కళ్ళు కాయలు కాసినాయి. ఎవురో ఒకలు వత్తారు, పక్కన కూకుని ఓ ముక్క ప్రార్దన సేత్తారని ఎంత ఆశ! ఆకరికి ఆ బైబులు తీయించి అటకెక్కించడం. 'ఆల్లకి నాను అక్కర్లేదు, ఆల్ల దేవుడు నాకెందుకు' అనుకోవడం. అనుకోరేటి మనుసులు?"

"క్షమించండమ్మా..."

"సేతులు అలా ఒణికిపోతన్నాయేటే పిల్లా? నానేటి కరుత్తానా?"

"భయమండి. పైకి ప్రార్థన చేయడం నాకెప్పుడూ చేతకాలేదు. మీ కోసం చేద్దామని వచ్చాను."

ముసలావిడ ఏదో చెప్పబోయింది. ఆ వణుకుతున్న చేతుల వంక చూసి ఆగిపోయింది.

"సెయ్యి మరి. ఇంత దూరం వచ్చి ఊరికే ఎల్లిపోతావేటి?"

చెంగు తలమీదికి సరిగ్గా లాక్కుని కళ్ళు మూసుకుంది.

రోజారమణి ఆవిడ తలమీద చేయి వేసింది. మొదటి మాట గొంతు దాటలేదు. రెండోది దాటింది. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. సందులో ఆటోవాడు హారన్ కొట్టినా, ఎదురు కొట్టువాళ్ళు తొంగిచూసినా ఆగలేదు.

"ఆమీన్," అంది ముసలావిడ చివర్న.

పళ్ళూడిన నోరు, అలాగే పలుకుతుంది పాపం అనుకుంది రోజారమణి. భయం వదిలిన సంతోషంలో ఆవిడ చేయి పట్టుకుంది.

"ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తాను ధనలక్ష్మమ్మగారూ!"

ముసలావిడ చేయి వెనక్కి తీసుకోలేదు.

"దనలచ్చిమి మొన్న సుక్కురారం సచ్చిపోనాది తల్లీ. అన్నదమ్ములొచ్చి శవాన్ని ఊరికి అట్టుకుపోనారు."

రోజారమణి అరుగు అంచున కూలబడింది.

"ముందే చెప్పలేదేంటమ్మా?"

"సెబుదామనే అనుకున్నాను. నీ బయం సూసి సెప్పలేకపోనాను. ఒక్కసారి నోరు పెగిలితే మరాగదు. అది నాకు తెలుసు."

"చివర్లో... పక్కన ఎవరైనా ఉన్నారా?"

"నానున్నాను. 'పరలోకమందున్న మా తండ్రీ' అని సెవిలో సెప్పమంది. మీ ఓల్లు ఒక్కలూ లేరు. నాకా, నోరు తిరగదు. మా ఇంట్లో ఏటంటారో అని బయం కూడాను. అదే ఒక్కో ముక్కా అందించినాది, నాను అన్నాను. ఆకరి ముక్క దానికి అందలేదు. నానొక్కదాన్నే అన్నాను."

"మీరు ఎవరమ్మా?"

జవాబు వచ్చేలోపే పక్క గుమ్మంలోంచి ఓ ఆడపిల్ల పిలిచింది.

"నానీమా, నమాజుకి వేళవుతోంది!"

"వత్తన్నాను ఫర్హా," అంటూ రోజారమణి పట్టులోంచి చేతిని మెల్లగా విడిపించుకుని, కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకోవడానికి లేచింది చాంద్ సుల్తానా.